సాక్ష్యం ఎక్కడ ఆగుతుంది?

మా ఇంట్లో అందరికంటే బాగా సాక్ష్యం చెప్పేది పెదనాన్న. గుంటూరు దగ్గర మా ఊళ్ళో ఉజ్జీవ కూటాలు జరిగితే ఆయన వంతు తప్పకుండా ఉండేది. తాగిన రోజులు, అమ్మేసిన రెండెకరాలు, పెద్దమ్మని కొట్టిన రాత్రులు, చివరికి ఒక తెల్లవారుజామున ప్రభువు తనని పేరు పెట్టి పిలవడం. జనం "హల్లెలూయ" అనేవాళ్ళు. పెద్దమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని, నెత్తి మీద కొంగు సర్దుకుంటూ వినేది. ఆ కథలో ఆమె ప్రతి ఏడాదీ మళ్ళీ దెబ్బలు తినేది. ఆమెని మాత్రం మైకు దగ్గరికి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు.

మొన్నొక వీకెండ్ 'వాక్ ద లైన్' మళ్ళీ చూస్తుంటే ఆ చాప గుర్తొచ్చింది.

2005లో జేమ్స్ మ్యాన్‌గోల్డ్ తీసిన సినిమా. అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ జీవితం. క్యాష్‌గా వాకీన్ ఫీనిక్స్, జూన్ కార్టర్‌గా రీస్ విదర్‌స్పూన్ వేశారు, పాటలు కూడా వాళ్ళే పాడుకున్నారు. విదర్‌స్పూన్‌కి ఆస్కార్ వచ్చింది. ఇంజనీరింగ్ రోజుల్లో హాస్టల్లో చూసినప్పుడు నాకిది మంచి ప్రేమకథ. ఇప్పుడు చూస్తే అచ్చంగా సాక్ష్యం.

కథ ఒక రంపం దగ్గర మొదలవుతుంది. 1944లో క్యాష్ అన్న జాక్ కలప కోసే రంపం మీద పడి చనిపోయాడు. పద్నాలుగేళ్ళవాడు, పాస్టర్ అవుదామనుకున్నవాడు. సినిమాలో తండ్రి, పోవాల్సిన కొడుకు పోలేదన్నట్టు మాట్లాడతాడు. తప్పిపోయిన కుమారుడి కథ మనకి తెలుసు కదా, అందులో తండ్రి కొడుకుని దూరం నుంచే చూసి పరుగెత్తుకొస్తాడు. ఇక్కడ పరుగెత్తుకొచ్చే తండ్రి లేడు. మిగిలినవాడు తను బతికి ఉండటమే పాపం అనుకుంటూ పెరుగుతాడు.

నాకు బాగా నచ్చిన సీన్లు రెండున్నాయి. ఒకటి ఆడిషన్. క్యాష్ భక్తి పాట పాడుతుంటే శామ్ ఫిలిప్స్ ఆపేస్తాడు. నువ్వు నమ్మి పాడుతున్నట్టు లేదు, చచ్చేముందు ఒక్క పాటే పాడాలంటే ఏది పాడతావు అని అడుగుతాడు. అప్పుడు బయటికొచ్చేది ఒక ఖైదీ పాట. రెండోది, ఫోల్సమ్ జైల్లో కచేరీ వద్దని రికార్డు కంపెనీవాళ్ళు వాదించే సీన్. నీ శ్రోతలు చర్చికెళ్ళేవాళ్ళు, హంతకుల కోసం పాడితే ఒప్పుకోరు అంటారు. అలాగైతే వాళ్ళు క్రైస్తవులే కాదంటాడు క్యాష్. చెరసాలలో ఉన్నవాణ్ణి చూడ్డానికి వెళ్ళడమంటే నన్ను చూడ్డానికి రావడమే అని యేసు చెప్పిన మాట మీద ఇంతకంటే సూటి ప్రసంగం నేను వినలేదు.

కృప గురించి కూడా సినిమా నిజమే చెబుతుంది. మాత్రలు మానలేక నేల మీద దొర్లుతున్నవాడి ఇంట్లో జూన్ కుటుంబం మకాం వేస్తుంది. వాడు అంత చేయించుకోవడానికి అర్హుడేం కాదు. అర్హతే ఉంటే దాన్ని కృప అనం.

మరి ఇబ్బంది ఎక్కడంటే, ఆ టైటిల్ దగ్గర. 1956లో ఆ పాట క్యాష్ రాసింది జూన్ కోసం కాదు. మొదటి భార్య వివియన్ లిబెర్టో కోసం, ఊళ్ళు తిరిగినా నీకు నమ్మకంగా ఉంటానని ఇచ్చిన మాట అది. సినిమా ఆ మాటని టైటిల్‌గా పెట్టుకుని, ఎవరికిచ్చాడో ఆమెని మాత్రం సణుగుతూ అడ్డుపడే భార్యగా చూపించింది. 1965లో ఎల్ పాసోలో వెయ్యికి పైగా మాత్రలతో క్యాష్ పట్టుబడ్డాడు. సినిమాలో ఆ అరెస్టు ఉంది. తర్వాత కోర్టు దగ్గర తీసిన వివియన్ ఫోటో చూసి, ఆమె నల్లజాతి మనిషని తెల్లజాత్యహంకారులు చేసిన దాడి లేదు. నలుగురు కూతుళ్ళని ఆమె ఎలా పెంచిందో లేదు. సినిమా విడుదలకి కొన్ని నెలల ముందు, అదే 2005లో, ఆమె చనిపోయింది. తన వైపు కథ చెప్పిన పుస్తకం 2007లో వచ్చింది.

ఇంకొకటి. సినిమా 1968లో, జూన్ పెళ్ళికి ఒప్పుకోవడంతో దాదాపు ముగుస్తుంది. నిజం క్యాష్ తర్వాత క్రీస్తు మీద సినిమా తీశాడు, పౌలు మీద నవల రాశాడు, మధ్యలో మళ్ళీ మాత్రల్లో పడ్డాడు, 1983లో బెట్టీ ఫోర్డ్ సెంటర్‌లో చేరాడు. రక్షణ ఒక్క రాత్రిలో మొదలవ్వచ్చేమో గానీ ఆ రాత్రితో అయిపోదు. సాక్ష్యాల్లో ఈ భాగాన్ని ఎడిట్ చేసేస్తాం.

మా ఉద్యోగంలో ఒక సంగతుంది. బగ్ వల్ల కస్టమర్ డేటా పోయిందనుకోండి. బగ్ ఫిక్స్ చేశాక టికెట్ క్లోజ్ చేసి కాలర్ ఎగరేస్తే కుదరదు. పోయిన డేటా వెనక్కి తేవడం వేరే పని, ఎక్కువ పని. జక్కయ్యకి ఇది తెలుసు. యేసు ఇంటికొచ్చాడని పొంగిపోయి ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. బలిపీఠం దగ్గర నిలబడ్డాక, నీమీద సహోదరుడికి కోపం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వాడితో సమాధానపడమన్నది కూడా యేసే. దేవుడి దగ్గరికి వెళ్ళే దారి దెబ్బతిన్న మనిషి గుమ్మం ముందు నుంచే పోతుంది. సినిమా ఆ గుమ్మం ముందు ఆగలేదు. మా కూటాలూ ఆగలేదు.

న్యాయంగా చెప్పాలంటే సినిమాకి ఈ సంగతి కొంత తెలుసు. కొట్లో ఒకావిడ జూన్‌ని విడాకుల గురించి ఎత్తిపొడిచే సీన్ ఉంది. జూన్ నొచ్చుకుని, మిమ్మల్ని నిరాశపరిచినందుకు క్షమించండి అంటుంది. అది చూస్తే మా పెద్దమ్మ ఆర్నెల్లు పుట్టింట్లో ఉన్న సంగతి గుర్తొచ్చింది. పెదనాన్న తాగుడు కూటాల్లో సాక్ష్యమైంది. పెద్దమ్మ పుట్టింటికెళ్ళడం మాత్రం ఊళ్ళో ఏళ్ళ తరబడి గుసగుసగానే ఉండిపోయింది.

పోయిన క్రిస్మస్‌కి ఊరెళ్ళినప్పుడు ఆవిడ పొయ్యి దగ్గర అరిసెలు ఒత్తుతుంటే అడిగేశాను.

"పెద్దమ్మా, పెదనాన్నని నువ్వు క్షమించావా?"

నూనెలోంచి అరిసె తీసి, జల్లెడ మీద వేసి, అప్పుడు చెప్పింది.

"ఆయన దేవుణ్ణి అడిగాడు గదరా. నన్ను అడగలా."

కోపంగా కాదు. బియ్యం అయిపోయాయి అన్నంత మామూలుగా. ఆ తర్వాత నా చేతిలో వేడి అరిసె పెట్టింది.

పెదనాన్నకి డెబ్భై దాటాయి. వచ్చే కూటాల్లో మళ్ళీ చెబుతాడు. ఈలోపు ఫోన్ చేసి ఈ ఒక్క మాట చెప్పాలా, నాకెందుకని ఊరుకోవాలా? రెండు నెలలుగా నంబర్ తీసి మళ్ళీ పెట్టేస్తున్నాను.