తెల్లరంగు కింది అక్షరం

మా ఇంటి ముందుగదిలో ఒక పటం ఉన్నది. కొత్తగా వచ్చినవారు ఏ దేవుడో అనుకొని దగ్గరకు వెళ్లి, కిరీటం పెట్టుకొన్న ఒక లావుపాటి రాజునూ, అతని ఎదుట గరిటె పట్టుకొని వణకుతున్న వంటవానినీ చూచి నవ్వుతారు. పటం కట్టించడమన్నది మన ఇళ్లలో దేవుళ్లకూ, గతించిన పెద్దలకూ తప్ప మరొకరికి సులభంగా దక్కే గౌరవం కాదు. ఒక బొమ్మలకథ పుటకు అది ఎందుకు దక్కిందో, దక్కించబోయి నేను ఆ పుటను ఎంత పాడుచేశానో ఈ టపాలో మనవి చేసుకొంటాను.

1984లో నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాలలో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. నాకంటె పదేళ్లు పెద్ద. ఆయన ఒక పిల్లల పత్రికకు బొమ్మలకథ వేస్తూ, సంభాషణలు నన్ను వ్రాయమన్నారు. నేను కాగితం మీద మాటలు వ్రాసి ఇచ్చేవాడిని. ఆయన వాటిని బొమ్మలలోని బుడగలలోకి స్వహస్తంతో ఎక్కించేవారు. కథ ఆరు నెలలు నడిచి ఆగిపోయింది. పత్రికకు పంపిన పుటలలో ఒక్కటి మాత్రమే తిరిగివచ్చింది. దానిని ఆయన నాకు ఇచ్చారు.

1947లో మొదలైన చందమామలో వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలనూ, శంకర్ గారి విక్రమార్క బేతాళులనూ చూస్తూ పెరిగిన తరం మాది. అయినా మేము చూచినదంతా అచ్చునే. మూలచిత్రం సంగతి వేరు. అది సాధారణంగా అచ్చుబొమ్మకంటె ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో పెద్దదిగా ఉంటుంది. కుదించి అచ్చువేసినప్పుడు గీతలోని చిన్నచిన్న వణుకులు సర్దుకొంటాయి. లేతనీలి పెన్సిలుతో గీసిన తొలిగీతలు బ్లాకు తీసే కెమెరాకు అందవు కనుక వాటిని చెరపరు. తప్పు దొర్లినచోట తెల్లని పోస్టరు రంగు పూసి, ఆరిన తరువాత దానిమీద మళ్లీ గీస్తారు. అచ్చు వీటినన్నిటినీ దాచివేస్తుంది. మూలం దాచదు.

1991లో సొంత ఇల్లు కట్టుకొన్నప్పుడు ఆ పుటకు పటం కట్టించాను. దుకాణంలో దానిని దేవుడి క్యాలెండరు బొమ్మను చూచినట్లే చూచారు. అంచులకు మైదా జిగురు రాసి మామూలు అట్టకు అంటించి, పైన అద్దం నేరుగా ఆనించి బిగించారు. నేను చేసినదేమిటంటే, నలుగురికీ కనబడవలెనని దానిని పడమటి కిటికీకి ఎదురుగా తగిలించాను. ఏటేటా సాయంత్రపు ఎండ రాజుగారి ఎర్రని కిరీటాన్ని వెలిసిన ఇటుక రంగుకు తెచ్చింది. నల్లగీతలు మాత్రం చెక్కుచెదరలేదు. అవి మసితో చేసిన సిరావి, వెలుతురుకు వెలవవు. అట్టలోని ఆమ్లం కాగితానికెక్కి అంచులు పచ్చబడ్డాయి. వానకాలపు చెమ్మకు ఒక మూల కాగితం అద్దానికే అతుక్కొన్నది.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఒకసారి ఫోనులో, 2021 జనవరిలో పారిస్‌లో జరిగిన వేలంలో టింటిన్ బొమ్మలకథ 'బ్లూ లోటస్' కోసం హెర్జే 1936లో వేసిన ముఖచిత్రం సుమారు 32 లక్షల యూరోలకు అమ్ముడైనదని చెప్పి, "నాన్నా, మీ రాజుగారి ధర ఎంత?" అని వేళాకోళం చేశాడు. 32 రూపాయలు కూడా పలకదన్నాను. ఆ మాట నిజమే. కాని గత వానకాలంలో అద్దం లోపల వెండిపురుగు ఒకటి రాజుగారి సింహాసనం వైపు పాకుతూ కనబడిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. డ్రాయింగు మాస్టారు 2011లోనే కాలం చేశారు. ఇలాంటి పుట మరొకటి వేసేవారు లేరు.

తాళపత్రాల సంరక్షణలో పనిచేసే నా పూర్వ విద్యార్థిని ఒకరు సెలవులకు ఊరికి వస్తే విషయం చెప్పాను. ఆమె వచ్చి, రెండు రోజులు ఓపికగా కూర్చొని, జిగురు ఉన్నచోట మాత్రమే చెమ్మ తగిలించి కాగితాన్ని అట్టనుండి విడదీసింది. వెనుక మరక ఏమైనా ఉన్నదేమోనని పుటను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, "మాస్టారూ, ఇక్కడ అక్షరం కింద అక్షరం ఉన్నది" అన్నది.

రాజుగారు వంటవానికి శిక్ష విధించే బుడగ అది. పైన "శిరశ్ఛేదం" అని ఉన్నది. తెల్లరంగు కింద, వెలుతురులో, "శిరచ్ఛేదం" అని కనబడింది. శిరస్ అన్నదానికి ఛేదం పరమైతే శ్చుత్వసంధి వచ్చి శిరశ్ఛేదం కావలె. పాపం, మాస్టారు ఎక్కించేటప్పుడు పొరబడి తరువాత దిద్దుకొన్నారనుకొని, నిజం చెబుతున్నాను, కొంచెం సంతోషించాను. కాని అనుమానం వదలలేదు. అటకమీది పెట్టెలోనుండి ఆనాటి చిత్తుపుస్తకం తీసి చూచాను. "శిరచ్ఛేదం" అని నా దస్తూరీలోనే ఉన్నది.

ఇక్కడ మరొక సంగతి ఒప్పుకోవలసి ఉన్నది. ఆ రోజులలో మాస్టారు నోటీసు పలకమీద ఏదైనా వ్రాసి అంటిస్తే, ఉపాధ్యాయులందరూ చూస్తుండగా ఎర్రసిరాతో దిద్దేవాడిని. వత్తులు పెట్టడం రాదని హాస్యమాడేవాడిని. ఆయన నవ్వి ఊరుకొనేవారు.

పుటను ఈసారి ఆమె చెప్పినట్లే కట్టించాము. వెనుక ఆమ్లం లేని అట్ట. పై అంచున మాత్రమే పలుచని జపాను కాగితపు పట్టీలు, గోధుమ గంజితో చేసిన జిగురుతో. అప్పుడు వాతావరణాన్నిబట్టి కాగితం స్వేచ్ఛగా సాగుతుంది, ముడుచుకొంటుంది. అద్దానికీ కాగితానికీ మధ్య మందపాటి మౌంటు ఎడం. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం. గోడచెమ్మ తగలకుండా పటం వెనుక నాలుగు మూలలా బెండుముక్కలు. ఎండ సోకని లోపలి గోడకు తగిలించాము. ఏడాదిలో నాలుగు నెలలే ప్రదర్శన. తక్కిన కాలం మూలం పెట్టెలో, నకలు గోడమీద. మౌంటును బొమ్మ అంచులవరకు కోస్తే అందంగా ఉంటుందని పటాలాయన అన్నాడు. వద్దన్నాను. నీలిగీతలు, అంచున మాస్టారు వేసుకొన్న కొలతలు, తెల్లరంగు మచ్చ, పచ్చబడిన అంచులు కూడా కనబడవలెనని కాగితం మొత్తం తేలేటట్లు కట్టించాను.

సంక్రాంతికి మాస్టారి సతీమణి వచ్చారు. పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను ఆ బుడగ చూపి, "అక్కయ్యగారూ, ఇది నా తప్పు. మాస్టారు దిద్ది కూడా ఒక్కమాట అనలేదు" అన్నాను.

"తెలుసండీ" అన్నారామె. "మీ వ్యాకరణ పాఠం వరండాలోకి వినబడేదట. మీరు చెప్పిన సంధే కదా అని నవ్వుకొంటూ దిద్దారు. పంతులుగారు నొచ్చుకొంటారు, చెప్పవద్దన్నారు."

నాకు మాట రాలేదు. ఆమె కొంగుతో అద్దంమీద లేని దుమ్ము తుడిచి, కాఫీ ఇమ్మని మా ఇంటావిడను అడుగుతూ లోపలికి వెళ్లారు.

ఇప్పుడు ఎవరైనా వచ్చి "ఏమిటండీ ఈ బొమ్మ?" అని అడిగితే, రాజునూ వంటవానినీ తరువాత చూపుతాను. ముందు ఆ తెల్లమచ్చ దగ్గరికే తీసుకొని వెళతాను.