సామస్వరాంకనము – కంప్యూటరు అక్షరకూర్పు

సామగానమును అచ్చునకు సిద్ధపరచువారు మొదట అంకెల విషయమున జాగరూకులై యుండవలెను. కౌథుమశాఖయందు ఆర్చికపాఠమున అక్షరములపై నుండు 1, 2, 3 అను అంకెలు సామాన్యముగా ఉదాత్త, స్వరిత, అనుదాత్తములకు గుర్తులు. గానగ్రంథములందు అవే అంకెలు ప్రథమాది సామస్వరములను తెలుపును. అక్షరముపై నున్న అంకె దాని స్వరమును, పంక్తిలో దాని ప్రక్కన వచ్చు అంకెలు తరువాతి స్వరగమనమును సూచించును. నారదీయశిక్ష ప్రథమస్వరమును వేణువు యొక్క మధ్యమముతో సమన్వయించినది. అచటినుండి క్రమము అవరోహణము. నేటి విద్యార్థి 1ని షడ్జమని భావించి పైకి పాడినచో గానమే తలక్రిందులగును.

ఇటీవల లిలీపాండ్ అను సంగీతముద్రణ సాఫ్టువేరుతో ఒక సామమును కూర్చునపుడు నాకు మరియొక విషయము స్పష్టమైనది. వలదని చెప్పనిదే ఆ యంత్రము నాలుగు మాత్రల తాళమును తానే ఊహించి, విభాగరేఖలను గీయును; ప్రతి స్వరమునకు కాలపరిమాణమును కోరును. సామమున విభాగము పర్వములచే ఏర్పడును గాని తాళముచే గాదు. ఆ రేఖలను నిలుపు ఆదేశము కలదు. కాని స్వరస్థానమును, కాలమును ఏదో యొకటిగా నిర్ణయింపక తప్పదు. ఆ నిర్ణయము మూలమునకు చెందినది కాదు, కూర్పరిది.

ఐరోపాలోని గ్రెగోరియన్ గానమునకును ఇట్టి చిక్కే కలదు. 10వ శతాబ్దపు సెయింట్ గాల్ మఠపు ప్రతులలో రేఖలు లేవు; అక్షరములపై న్యూమములను గుర్తులు మాత్రమే యున్నవి. అవి గమనమును తెలుపునే గాని స్వరాంతరమును నిర్ణయింపవు. 1979లో సొలేమ్ మఠము ప్రకటించిన గ్రాడ్యువాలే ట్రిప్లెక్స్ అను గ్రంథము చతురస్రస్వరలిపితోబాటు రెండు ప్రాచీన ప్రతిసంప్రదాయముల గుర్తులను క్రిందను మీదను ముద్రించినది. ఒకదానిని తొలగించి మరియొకదానిని నిలుపలేదు.

ఈ మార్గము మనకును అనుసరణీయము. 2009లో వెలువడిన యూనికోడ్ 5.2 అక్షరముపై నిలుచు దేవనాగరి అంకెలకు స్థానము కల్పించినది. తెలుగు అంకెలకు అట్టి ప్రత్యేకస్థానము లేదు గావున మన లిపిలో కూర్పు మరింత శ్రమసాధ్యము. అయినను అంకెలను మూలమునందున్నట్లే పైన నిలిపి, ఆధునిక స్వరలిపిని వేరు పంక్తిలో క్రింద ఇచ్చి, అది ఏ సంప్రదాయగానమును విని వ్రాసినదో తెలుపుట న్యాయము. గురుముఖమున నేర్చినవానికి అంకె జ్ఞాపిక. నేర్వనివానికి అచ్చైన పుటయే గురువు. ఆ పుట చెప్పనిదానిని చెప్పినట్లు చూపరాదు.