లోబడటం ఎవరి నుంచి మొదలవ్వాలి?

కువైట్‌లో మా ఆరాధన శుక్రవారం. ఆదివారం ఇక్కడ పనిదినం. సిటీలోని ఎవాంజెలికల్ చర్చి ప్రహరీ లోపల ఒకవైపు అరబిక్, ఇంకోవైపు మలయాళం, తమిళం వినిపిస్తుంటే మాకిచ్చిన గదిలో మేం తెలుగులో పాడుకుంటాం. వచ్చేవాళ్లలో చాలామంది కోనసీమ నుంచి, రాజంపేట వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు. ఎక్కువమందిది ఖద్దామా వీసా, అంటే ఇంటిపని వీసా. వారమంతా ఇంటి యజమానురాలు మామా మాటకి, యజమాని బాబా మాటకి తలూపి, దొరికిన ఆ కాస్త సెలవులో దేవుడి దగ్గరికి వస్తారు.

అలాంటివాళ్ల ముందు నిలబడి ‘దేవుని అధికారానికి లోబడండి’ అని చెప్పే బోధకుడు ముందు కాస్త ఆలోచించుకోవాలి. వంగి వంగి నడుం పట్టేసినవాళ్లను ఇంకా వంగమనడం సువార్త కాదు.

ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక ఓ చెల్లి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. బ్లీచింగ్ నీళ్లతో బాత్రూములు కడిగి కడిగి ఆమె వేళ్ల సందులు పగిలి ఉన్నాయి. నర్సుని కదా, నా కళ్లు ముందు అక్కడికే పోయాయి. ఫోన్లో భర్త వాయిస్ మెసేజ్. కూతురి కాలేజీ ఫీజుకి దాచిన డబ్బు పంపమని, తాను కొత్త బండి తీసుకోవాలని. భార్య భర్తకు లోబడాలని బైబిల్లోనే ఉంది కదా, నువ్వసలు విశ్వాసివేనా అని చివర్లో ఒక మాట.

“పంపకపోతే దేవుడికి ఎదురు తిరిగినట్టేనా అక్కా?” అంది.

పాస్టరమ్మగారు ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం తీయించారు. భార్యలతో పౌలు చెప్పింది 22 నుంచి 24 వరకు, మూడే వచనాలు. వాటికి ముందే, 21లో, విశ్వాసులంతా ఒకరికొకరు లోబడాలని ఉంది. 25 నుంచి భర్తల వంతు. క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భార్యను ప్రేమించమన్నాడు. అధికారం చేతిలో ఉన్నవాడే ముందు తగ్గాలన్నది అక్కడి బోధ. “మీ ఆయనకి ఫోన్ చెయ్యమ్మా. 25 నుంచి అధ్యాయం అయ్యేదాకా పైకి చదవమను. ఆ తర్వాత నాతో మాట్లాడమను” అన్నారామె. ఫీజు మాత్రం నేరుగా కాలేజీకే కట్టించాం.

లోబడటమంటే అన్యాయానికి నోరు మూసుకోవడం కాదు. గెత్సేమనే తోటలో యేసు తన ఇష్టాన్ని పక్కనపెట్టి తండ్రి చిత్తానికి ఒప్పుకున్నాడు. అదే రాత్రి ప్రధానయాజకుని ఎదుట బంట్రోతు చెంప మీద కొడితే, నేనన్నదాంట్లో తప్పేముంది, ఎందుకు కొట్టావని నిలదీశాడు. యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఉంది. ఈ రెండూ ఒకే రాత్రి జరిగాయని మన సండేస్కూళ్లలో ఎంతమంది కలిపి చెబుతున్నారు?

యజమానుల సంగతీ పౌలు వదల్లేదు. బెదిరించడం మానమని, మీకూ పరలోకంలో యజమాని ఉన్నాడని అదే పత్రిక ఆరో అధ్యాయంలో హెచ్చరించాడు. కువైట్‌లో ఇంటిపని వాళ్ల కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం కూడా వారానికో రోజు సెలవివ్వాలని, రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదని, మనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచుకోకూడదని చెబుతోంది. ఆ సెలవు అడగడం అవిధేయత అని ఏ చెల్లీ అనుకోవద్దు. మళ్లీ భార్యాభర్తల సంగతికొస్తే, ఇదే గడ్డ మీదికి 1912లో మిషనరీగా వచ్చిన ఎలినార్ కాల్వర్లీ కువైట్‌లో మొదటి మహిళా డాక్టరు. భర్త ఎడ్విన్ పాదిరి. ఆయన పిలుపు ఆయనకి ఉన్నట్టే ఆమె పిలుపు ఆమెకీ ఉంది.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. మా ఆయనకి కెనడాలో మంచి ఉద్యోగం వచ్చింది. ఇంటి పెద్దగా ‘పదండి’ అని ఉంటే మేం కాదనేవాళ్లం కాదు. కానీ ఆయన “ముందు ప్రార్థన చేద్దాం. నువ్వూ అమ్మాయీ ఏమంటారో కూడా వినాలి” అన్నారు. అమ్మాయిది పన్నెండో తరగతి, మధ్యలో స్కూలు మారనంది. కొన్నాళ్లు మోకాళ్ల మీద గడిపి, తాను ఎంతో ఇష్టపడ్డ ఆ ఆఫర్ని ఆయనే వదులుకున్నారు. దేవునికి లోబడిన మగవాణ్ని నేను దగ్గరగా చూసింది అప్పుడే. ఆయన మాటంటే మా ఇద్దరికీ అప్పటినుంచి గౌరవం ఇంకా పెరిగింది.

ఊళ్లలోని పాస్టరుగార్లకి ఒక విన్నపం. పెళ్లి ఆరాధనలో ఆ అధ్యాయాన్ని పెళ్లికూతురి వైపు చూసి చదువుతారు కదా. 25వ వచనం వచ్చినప్పుడు దయచేసి పెళ్లికొడుకు వైపు తిరగండి. భార్య గల్ఫ్‌లో ఉన్న ఇంటికి ప్రార్థనకు వెళ్తే, ఆమె పంపిన డబ్బు ఏమవుతోందో ఆ భర్తను అడగండి. అక్కడ మీరు అడిగే ఆ ఒక్క మాట మీద ఇక్కడ మా చెల్లెళ్ల బతుకులు ఆధారపడి ఉన్నాయి.