రిపోర్టు బాగుంది, పిల్ల సంగతేంటి?

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. మా అమ్మాయికి పేగు జబ్బని మీలో చాలామందికి తెలుసు. చావడి దగ్గర కలిసినప్పుడల్లా "పిల్లకెలా ఉంది?" అని అడుగుతున్నారు. "రిపోర్టు బాగుంది" అని చెబుతూ వచ్చాం. అది సగమే నిజం. మిగతా సగం చెప్పాలని ఇది రాస్తున్నాం.

రెండేళ్ళ క్రితం, తనకు పదకొండేళ్ళప్పుడు, కడుపునొప్పి, విరేచనాలు మొదలయ్యాయి. బరువు తగ్గిపోయింది. పేగుకు వచ్చే క్షయ కూడా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి అది కాదని తేల్చడానికే వారాలు పట్టింది. చివరికి మధురైలో క్రోన్స్ జబ్బు అన్నారు. 1932లో దీని గురించి రాసిన అమెరికా డాక్టర్ క్రోన్ పేరే దీనికి వచ్చింది. మందులతో అణిగి ఉంటుంది, మళ్ళీ లేవనూ వచ్చు. మొదటి ఆరు వారాలు అన్నం, కూర అన్నీ ఆపి ద్రవాహారం మాత్రమే ఇచ్చారు. మన రాజపాళయంలో ఇంటింటా మామిడిపళ్ళ వాసన వచ్చే రోజులవి. పిల్ల గ్లాసు పట్టుకుని కూర్చునేది.

జబ్బు అణిగింది. బరువు పెరిగింది. పిల్లల క్రోన్స్ ఎంత తీవ్రంగా ఉందో చూడటానికి డాక్టర్లకు 1991 నుంచి ఒక లెక్క ఉంది. నొప్పి, విరేచనాలు, రక్త పరీక్షలు, బరువు, ఎత్తు, ఇలా పదకొండు అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 100. ఎంత తక్కువైతే అంత మంచిది. 10 లోపు వస్తే జబ్బు అణిగినట్టు. మా అమ్మాయికి 5 వచ్చింది. ఆ రోజు బస్‌స్టాండ్ దగ్గర మిఠాయి కొనుక్కుని ఇంటికొచ్చాం.

కానీ స్కూలు నుంచి రాగానే పిల్ల యూనిఫాంతోనే పడుకునేది. లేపితే చిరాకు. చదివింది గుర్తుండదు. మేమిద్దరం తిట్టాం. "జబ్బు తగ్గింది కదా, ఇంకా ఈ బద్ధకమేమిటి?" అన్నాం. చుట్టాల ముందు కూడా అన్నాం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఆ 5 ఎక్కడిదో చూపించారు. ఆ పదకొండు అంశాల్లో ఒకటి, పిల్ల తన ఈడు పిల్లల్లా తిరగగలుగుతోందా అన్నది. మిగతా పదింటికీ సున్నా. ఈ ఒక్కదానికే 5. అంటే జబ్బు అణిగిందని చెప్పిన కాగితంలోనే పిల్ల కులాసాగా లేదని కూడా ఉంది. మేము మొత్తం చూసి సంతోషించాం, ఆ వరుస చదవలేదు.

అప్పుడు ఆవిడ అలసటను కొలిచే ప్రశ్నల కాగితాలు రెండు ఇచ్చారు. ఒకటి పిల్లకు, ఒకటి మాకు. వేరే వేరే బెంచీల మీద కూర్చోబెట్టారు. గత నెల రోజుల గురించి పద్ధెనిమిది ప్రశ్నలు. ఆరు ఒంటి అలసట గురించి, ఆరు నిద్ర, విశ్రాంతి గురించి, ఆరు బుర్ర అలసట గురించి. ఇందులో 100కి ఎంత ఎక్కువొస్తే అంత మంచిది. మేము నింపిన కాగితంలో 79 వచ్చింది. పిల్ల నింపినదాంట్లో 50.

అందరికన్నా పెద్ద తేడా బుర్ర అలసట దగ్గర వచ్చింది. అది బయటికి కనిపించేది కాదు. అడిగిన మాటల్లోనూ తేడా ఉంది. ఆసుపత్రిలో తమిళంలో "సోర్వు ఉందా?" అంటే లేదనేది. ఇంట్లో మన తెలుగులో "నీరసంగా ఉందా?" అంటే అదీ లేదనేది. తన మాటలు వేరు. "ఒళ్ళు బరువు", "తల మూసుకుపోయినట్టుంది". ఆ మాటలు అంతకుముందే ఎన్నోసార్లు విన్నాం. వాటిని జబ్బు లెక్కలో వేసుకోలేదు.

"మాకెందుకు చెప్పలేదే?" అని బస్సులో అడిగాం. "రిపోర్టు బాగుందని మీరంతా సంతోషంగా ఉన్నారు కదా, చెడగొట్టడమెందుకని" అంది. శ్రీవిల్లిపుత్తూరు దాటేదాకా మేమిద్దరం మాట్లాడలేదు.

మళ్ళీ రక్త పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ హద్దులోనే ఉంది కానీ ఒంట్లో ఇనుము నిల్వ బాగా తక్కువ. దానికి మందు ఇచ్చారు. రాత్రి నిద్ర, స్కూలు బరువు, మనసులో భయం కూడా అడిగి తెలుసుకున్నారు. ఇలాంటి పిల్లల్లో అలసటకు ఒకే కారణం ఉండదట. పేగులో వాపు తగ్గాక కూడా మిగలవచ్చట. మూడు నెలల తర్వాత పిల్ల వేసుకున్న మార్కు 64. పూర్తిగా పోలేదు. కానీ సాయంత్రం అరగంట పడుకుని లేచి, మేడ మీద చెల్లెలితో ఆడుతోంది.

మన ఊళ్ళో మిల్లు పని తెలియని ఇల్లు తక్కువ. నూలు కౌంటు సరిగ్గా వచ్చినంత మాత్రాన లాట్ పాస్ చేయరు, బలం వేరే పరీక్షిస్తారు. పోగు చూడటానికి బాగానే ఉంటుంది, లాగితే తెగుతుంది. ఇంత తెలిసినవాళ్ళం, పిల్ల దగ్గర ఒక్క పరీక్షతో సరిపెట్టుకున్నాం.

అందుకే ఒక మనవి. మీ ఇంట్లో గానీ, మీకు తెలిసిన ఇంట్లో గానీ దీర్ఘకాలం జబ్బున్న పిల్లలుంటే, వాళ్ళు అలసిపోయామంటే బద్ధకమనకండి. ఒక చిన్న నోటుబుక్కు పెట్టి, రోజూ సాయంత్రం పిల్ల చేతే పదికి ఎంతో వేయించండి. తను వాడిన మాట అలాగే రాయండి, మీరు దిద్దవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టులతో పాటు అదీ పట్టుకెళ్ళండి. అడగడానికి మొహమాటపడవద్దు.

ఇకమీదట మా అమ్మాయి ఎదురైతే, ఎలా ఉందని మమ్మల్ని కాదు, తననే అడగండి. జవాబు చెప్పడానికి కాస్త టైం తీసుకుంటుంది. ఆగండి, చెబుతుంది.