గుమాస్తా కంటికి ఆకాశం

నేను బెంగుళూరులో గుమాస్తాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. ఓ సాయంత్రం మా అమ్మాయి ఆస్ట్రోశాట్ సంగతి చెప్పింది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుంచి పైకి వెళ్ళిన దూరదర్శిని అది. దానితో ఫలానా నక్షత్రాన్ని చూడాలంటే ఎంతటి శాస్త్రజ్ఞుడైనా దరఖాస్తు పెట్టుకోవలసిందేనట! ఆ చుట్టుపక్కల మరీ ప్రకాశించే తార ఉన్నదేమో ముందుగా సరిచూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేరు తయారుచేసి పెట్టారు. ఉంటే అతినీలలోహిత కాంతిని పట్టే పరికరం పాడయ్యే ప్రమాదముంది. పైకి వెళ్ళి బాగుచేసే వారెవరు?

"అదీ గుమాస్తా పనే కదమ్మా!" అని నవ్వాను. అంతలోనే నవ్వు ఆగిపోయింది. ఒకప్పుడు నేను సరిచూడకుండా పంపిన కాగితంలో ఒక అంకె తప్పి, ఓ వితంతువుకు పింఛను ఏడు నెలలు ఆగింది. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు.

మర్నాడు ఆఫీసులో మొదటి కాగితాన్ని రెండుసార్లు చదివాను.