చిలుము ఎక్కడిదాకా తీయాలి

కోనసీమలో దసరా దగ్గరపడితే వడ్రంగి పాకల్లో పాత పనిముట్లు అరుగు మీదికి వస్తాయి. ఆయుధపూజకు ముందు వాటిని శుభ్రం చేయాలి కదా. అమలాపురం దగ్గర ఓ పల్లెలో ఆ పని చూద్దామనే వెళ్లాను. తుమ్మపిడి ఉలులు, బాడిస, చెక్క చిత్రికలు, ఇత్తడి గుండు వరసగా పరిచి ఉన్నాయి. నా చూపు మాత్రం రసమట్టం మీదే నిలిచింది. ముదురు జిట్రేగి కర్ర, పైన ఇత్తడి రేకు, దాని మీద రాబోన్ ముద్ర. 1784లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన ఆ సంస్థ 1963లో చెస్టర్‌మన్‌తో కలిసింది. ముద్రలో చెస్టర్‌మన్ పేరు లేదు, అంటే అంతకు ముందుదే అయి ఉండాలి.

“దీన్ని నీళ్లలో ముంచి తోమకూడదా మేస్త్రీ గారూ?”

“అమ్మో, వద్దండి. గాజు గొట్టాన్ని లోపల ప్లాస్టర్‌తో కూర్చారు. నాని కదిలిందంటే ఇంక మట్టం పనికిరాదండి.”

పొడి బ్రష్‌తో సందుల్లోని దుమ్ము దులిపారు. పిండిన తడిగుడ్డతో కర్రను ఒక్కసారి తుడిచి, ఆరాక అవిసె నూనె పల్చగా పట్టించారు. ఉప్పుకాగితం దగ్గరికి కూడా రానివ్వలేదు. ఏళ్ల తరబడి చేతులు తగిలి వచ్చిన నునుపును గరుకు కాగితం ఒక్క పూటలో గీకేస్తుంది. కొబ్బరి తోటల మధ్య ఉంటూ కూడా కర్రకు కొబ్బరినూనె వాడరు. అది ఆరదు, దుమ్మును పట్టుకుంటుంది. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది, గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి పడేస్తే తనంతట తానే అంటుకోవచ్చు. అందుకే గుడ్డలన్నీ తీగ మీద విప్పి ఆరేశారు.

ఇత్తడికి చింతపండు గుజ్జే. పులుపు చిలుమును కరిగిస్తుంది. మరచిపోయి వదిలేస్తే జింకు కూడా కరిగిపోయి, ఇత్తడి మీద రాగి ఎరుపు తేలుతుంది. కాసేపటికే తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తారు. ముద్ర ఉన్నచోట చేయి ఆపేశారు. అక్కడ అక్షరాల గాడుల్లో నలుపు అలాగే ఉంది. అద్దంలా మెరిపించిన పాత పనిముట్లు నాకు నచ్చవు. ఎవరు చేశారో, ఎవరు వాడారో చెప్పే గుర్తులన్నీ ఆ మెరుపు కింద అరిగిపోతాయి.

ఉలుల విషయంలోనూ అదే పద్ధతి. ఎర్రతుప్పును కిరసనాయిలులో నానబెట్టి తీస్తారు, నల్లబడిన పొరను ముట్టుకోరు. అంచు దగ్గర వెనకవైపు మాత్రం సాన మీద చదును చేసి తీరాలి. అక్కడ తుప్పు గుంట మిగిలితే అంచు పళ్లు పళ్లుగా ఊడుతుంది.

చివరికి రసమట్టాన్ని అరుగు మీద పెట్టారు. బుడగ గోడవైపు కాస్త జరిగింది. మట్టాన్ని అటు కొస ఇటు తిప్పి మళ్లీ అదే చోట పెట్టారు. తిప్పినా బుడగ అదే గోడవైపు అంతే దూరం జరిగితే వాలు అరుగుది, లేకపోతే తేడా మట్టంలోనే ఉన్నట్టు. ఈసారి బుడగ కొద్దిగా తక్కువ జరిగింది.

“అడుగు అరిగిందండి. పండగ వెళ్లాక చిత్రిక పడతాను,” అంటూ కొస మీద సుద్దతో గుర్తు పెట్టారు.