వూచ్: మిల్లులు పోయినా ఇళ్లున్నాయి

పోలండ్‌లోని వూచ్ ఒకప్పుడు నూలు మిల్లుల ఊరు. పొజ్నాన్‌స్కీ మిల్లు ఎర్ర ఇటుక గోడలు ఇంకా అలాగే ఉన్నాయి. లోపల మాత్రం మగ్గాల్లేవు, 2006లో షాపింగ్ మాల్ వచ్చింది. ముంబయి పరేల్‌లో మనోళ్లు చూసిందే!

ఖర్చంటారా? అక్కడ యూరో కాదు, జ్లోటీ. నాలుగు కిలోమీటర్ల పియోత్ర్‌కోవ్‌స్కా వీధిలో ఎంత తిరిగినా పైసా ఖర్చు లేదు. ఆకలేస్తే చవక భోజనానికి 'పాల హోటళ్లు' ఉన్నాయి. జలెవాయ్‌కా అడగండి. పులిసిన రై పిండి నీళ్లలో బంగాళాదుంపలేసి కాచే చారు అది, మన అంబలికి చుట్టం.

మిల్లు యజమాని మేడ ఇప్పుడు మ్యూజియం. క్షెంజి మ్విన్‌లో కార్మికుల కోసం కట్టిన ఇళ్లలో మాత్రం ఇంకా జనం కాపురముంటున్నారు. వెళ్తే ముందు అవే చూడండి. మాల్ ఎక్కడైనా ఉంటుంది.